చేట నుంచి బెల్టు దాకా

వేరుచేయడం అన్న ఒక్క పనికి మన వంటింట్లో ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? చెరగడం, నేమడం, జల్లించడం, వడకట్టడం, ఏరడం. చేటలో పోసి ఎగరేస్తే ఊక ముందుకి పోతుంది, గింజ వెనక్కొస్తుంది. అదే చేటని కాస్త వాల్చి ఒడుపుగా ఆడిస్తే నూకలు ఓ పక్కకి, బియ్యం ఓ పక్కకి చేరతాయి. జల్లెట్లో పోస్తే మెత్తటిది కిందికి దిగుతుంది, ముతకది పైన ఉండిపోతుంది. ఇక రాళ్ళ దగ్గరకొచ్చేసరికి మాత్రం చేటా జల్లెడా రెండూ చేతులెత్తేస్తాయి. బియ్యపు గింజంతే ఉండి, బియ్యపు గింజలాగే తెల్లగా ఉన్న రాయిని ఏ జల్లెడ పట్టుకుంటుంది? దాన్ని కన్ను చూడాలి, వేలు తియ్యాలి.

బరువులో తేడా ఉంటే గాలి వేరుచేస్తుంది. సైజులో తేడా ఉంటే చిల్లు వేరుచేస్తుంది. తేడా అంతా 'ఇది ఎవరిది' అన్న దగ్గరే ఉంటే ఎవరు వేరుచెయ్యాలి?

ఈ ప్రశ్న ఇప్పుడెందుకంటారా? ఈమధ్య మా వీధిలో పార్సెలు రాని ఇల్లు లేదు. సూరత్‌లో బయల్దేరిన చీర మూడోనాటికో నాలుగోనాటికో తణుకులో గుమ్మం ముందుంటోంది. దారిలో అది వేల పొట్లాలతో కలిసి ప్రయాణం చేసి ఉంటుంది. అన్నిటికీ ఒకటే అట్టపెట్టె, ఒకటే గోధుమరంగు, ఒకటే టేపు. అందులో ఇది తణుకుది, అది తునిది అని ఏరిందెవరు?

చాలామటుకు యంత్రాలే. పెద్దపెద్ద గోడౌన్లలో కన్వేయర్ బెల్టు మీద పొట్లాలు బారులు తీరి పోతూ ఉంటాయి. తన వంతు పొట్లం వచ్చేసరికి దారి పక్కనున్న చెయ్యిలాంటిది ఒకటి కదిలి, దాన్ని పక్క దారిలోకి మళ్ళిస్తుంది. కాలవకి అడ్డుకట్ట వేసి నీళ్ళు మడిలోకి మళ్ళించే రైతు చూడండి, సరిగ్గా అదే పని. ఆ చెయ్యి చరిత్ర చదువుతుంటే నాకు ఒక సంగతి భలేగా అనిపించింది. యంత్రం మన పనిని ఒక్కసారిగా లాక్కోలేదు. మన దగ్గర ఒక్కొక్క అంగమే అరువు తీసుకుంది. మొదట కాళ్ళు, తరవాత చెయ్యి, తరవాత జ్ఞాపకం, ఆఖరికి కన్ను. కన్ను మాత్రం ఇంకా పూర్తిగా చిక్కలేదు.

కాళ్ళ కథ పిండిమరలో మొదలైంది. 1780లలో అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో ఆలివర్ ఎవాన్స్ అనే ఆయన ఉండేవాడు. అప్పట్లో మరలో గోధుమ బస్తాలు వీపున మోసుకుని మనుషులు మేడమీదికి ఎక్కేవారు. విసిరిన పిండి వెచ్చగా ఉంటుంది కదా, దాన్ని మళ్ళీ పైకి మోసి, నేలమీద పరిచి, చల్లారేదాకా పళ్ళచెక్కతో తిరగెయ్యడానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకునేవారు. ఎవాన్స్ ఇదంతా చూసి, పట్టీకి చిన్నచిన్న బక్కెట్లు కట్టి గింజని పైకెక్కించాడు. మరమేకులాంటి కడ్డీ తిప్పి గింజని అడ్డంగా నడిపించాడు. రెండు ఉరుళ్ళ మధ్య పట్టీ కట్టి, పిండి బరువుకే అది కిందికి జారేట్టు చేశాడు. పిండి తిరగేసే కుర్రాడి బదులు గుండ్రంగా తిరిగే ఒక పళ్ళచెక్క పెట్టాడు. దానికి పేరేమిటో తెలుసా? 'హాపర్ బాయ్', అంటే తొట్టి కుర్రాడు! కుర్రాడు పోయాడు గానీ వాడి పేరు మరలో మిగిలిపోయింది.

1790లో అమెరికా కొత్తగా పేటెంట్లు ఇవ్వడం మొదలుపెడితే మొత్తంమీద మూడో పేటెంటు ఎవాన్స్‌కే దక్కింది. మరుసటి ఏడాది సాక్షాత్తూ ప్రెసిడెంటు జార్జి వాషింగ్టనే తన మౌంట్ వెర్నన్ మరలో ఈ ఏర్పాటు పెట్టించుకున్నాడు.

ఆ తరవాత వందేళ్ళకి బెల్టుకి బలం వచ్చింది. కరెంటు దీపం ఎడిసన్ తెలుసుగా, ఆయన న్యూజెర్సీలో ఇనుపరాయి పిండికొట్టి ఇనుము తీసే కార్ఖానా పెట్టాడు. రాయి దెబ్బకి అక్కడి బెల్టులు ఇట్టే చిరిగిపోయేవి. 1890ల మొదట్లో థామస్ రాబిన్స్ అనే యువకుడు దానికి మందంగా రబ్బరు పూత వేయించి నిలబెట్టాడు. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో ఆ బెల్టుకి పెద్ద బహుమతి వచ్చింది.

ఇంతవరకూ బాగానే ఉంది. గోధుమైనా ఇనుపరాయైనా అంతా ఒకటే సరుకు. మొత్తం ఒకచోటికే పోవాలి. బెల్టు ఆలోచించక్కర్లేదు, మోస్తే చాలు. చిక్కంతా ఒక్కో వస్తువు ఒక్కో ఇంటికి పోవాల్సి వచ్చినప్పుడు మొదలైంది.

ఇంట్లో కూచుని బొమ్మ చూసి వస్తువు తెప్పించుకోవడం మన కాలపు వింత అనుకుంటాం గానీ, ఆ సరదా వందేళ్ళ పైమాటే. చికాగోలోని సియర్స్ రోబక్ కంపెనీ లావాటి కేటలాగు అచ్చువేసి ఊరూరికీ పంపేది. పల్లెటూళ్ళలో, పొలాల మధ్య ఒంటరి ఇళ్ళలో ఉండే ఆడవాళ్ళు ఆ బొమ్మలు చూసి కుట్టుమిషనూ, గౌను గుడ్డా, గడియారమూ ఒకే ఉత్తరంలో రాసి పంపేవారు. మూడూ మూడు చోట్ల ఉంటాయి. మూడూ వచ్చి ఒకే పొట్లంలో చేరాలి. ఉత్తరాలు కుప్పలుగా పడుతుంటే ఎవరి గుడ్డ ఎవరి గడియారంతో కలుస్తోందో తెలియనంత గందరగోళం.

1906లో వాళ్ళు చికాగోలో పెద్ద భవనం కట్టారు. మొత్తం ఆవరణ 40 ఎకరాలు! అందులో బెల్టులు, గొలుసులు, పై అంతస్తునుంచి సరుకు కిందికి జారే జారుడుబల్లలు. ఆటో డోరింగ్ అనే అధికారి ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి ఆర్డరుకీ పావుగంట సమయం. ఆ పావుగంటలో అన్ని విభాగాలూ తమ తమ వస్తువులు ఫలానా గూటిలోకి చేర్చాలి. ఏదైనా ఆలస్యమైతే ఉన్నవాటితో పొట్లం కట్టేస్తారు. మిగిలిన వస్తువు విడిగా పంపాల్సిందే, ఆ ఖర్చు ఆలస్యం చేసిన విభాగం నెత్తిన పడుతుంది. పెళ్ళివారి బస్సు ఎవరికోసమూ ఆగనట్టన్నమాట!

ఇన్ని బెల్టులున్నా చీటీ చదివేది మనిషే, తీసి గూట్లో వేసేదీ మనిషే. అక్కడ వేలమంది పని చేసేవారు. వాళ్ళలో ఆడపిల్లలు తక్కువేం కాదు. కొనేదీ ఆడదే, ఏరేదీ ఆడదే. మధ్యలో బెల్టు ఒక్కటే ఇనుముదీ రబ్బరుదీ.

ఇక చెయ్యి సంగతి. పొట్లాన్ని బెల్టుమీంచి పక్కకి తప్పించడానికి అందరికన్నా ముందు తోచే ఉపాయం అడ్డంగా ఒక బద్ద పెట్టడం. తలుపులాగా తెరుచుకునే బద్ద ఏటవాలుగా అడ్డుపడితే పొట్లం దానికి ఒరుసుకుంటూ పక్కకి జారుతుంది. ఇది నాగలి పని. ఇంకో రకం, పక్కనుంచి గాలి ఒత్తిడితో ఒక చదును పలక వచ్చి ఒక్క తోపు తోస్తుంది. ఈ రెండింటితో పని జరుగుతుంది గానీ మర్యాద తక్కువ. అట్టపెట్టెలో పుస్తకాలుంటే ఫరవాలేదు. ఆవకాయ జాడీ ఉంటే?

అందుకని మెత్తగా తప్పించే చేతులు వెతికారు. ఒకటి, బెల్టు సందుల్లోంచి చిన్న చక్రాలు పైకి లేచి, వాటి మొహం తిరిగిన వైపుకి పొట్లాన్ని దొర్లించడం. ఇంకొకటి, ప్రతి పొట్లానికీ విడిగా ఒక పళ్ళెం. పళ్ళేలు గొలుసుకట్టుగా రైలుబండిలా తిరుగుతుంటాయి. చోటు రాగానే పళ్ళెం ఒరుగుతుంది, చంకలోని నిద్రపోయిన పిల్లవాణ్ణి పక్కమీదికి జార్చినట్టు పొట్లం జారిపోతుంది. మరొకదాంట్లో పళ్ళెం ఒరగదు. ప్రతి పళ్ళెం మీదా సొంతంగా ఒక చిన్న బెల్టు అడ్డంగా ఉంటుంది, అదే తిరిగి పొట్లాన్ని దింపేస్తుంది.

అన్నిటికన్నా నాకు నచ్చింది 'చెప్పుల' సార్టరు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని నిజంగానే షూ అంటారు. దాంట్లో బెల్టు బదులు అడ్డంగా పేర్చిన సన్నని పలకల వరస నడుస్తుంది. ఒక్కో పలక మీద అటూ ఇటూ జారే ఒక చిన్న దిమ్మ, అదే చెప్పు. పలక అడుగున ఆ చెప్పుకి ఒక మేకు ఉంటుంది. మళ్ళించాల్సిన చోట రైలు పట్టాలకి పాయింట్లు మార్చినట్టు కింద ఒక మీట మారుతుంది. మేకు ఏటవాలు గాడిలోకి మళ్ళుతుంది, దాంతోపాటు పైన చెప్పు పక్కకి నడుస్తుంది. పొట్టి పొట్లానికి కొద్ది చెప్పులు, పొడుగు పొట్లానికి ఎక్కువ చెప్పులు, అన్నీ ఒకదాని వెనక ఒకటి భుజం ఆనించి తీసుకుపోతాయి. పెళ్ళిపందిట్లో పెద్దావిడ ఒకావిడ ఎవరి మనసూ నొప్పించకుండా, భుజం మీద చెయ్యేసి, మాట్లాడుతూనే భోజనాల బంతిలోకి మళ్ళించేస్తుందే, అచ్చం అలాగ! బెల్టు సెకనుకి రెండు మీటర్లు పోతున్నా పెట్టెకి కుదుపు తెలియదట.

చెయ్యి దొరికింది. కానీ ఆ చెయ్యికి ఎప్పుడు కదలాలో ఎలా తెలుస్తుంది? పొట్లం మీద చిరునామా చదివేది బెల్టు మొదట్లో. తప్పించాల్సింది యాభై గజాల అవతల. మధ్యలో గుర్తుంచుకునేవాళ్ళు కావాలి. కంప్యూటర్లు లేని రోజుల్లో ఇందుకు మేకుల చక్రాలు వాడేవారు. ఆపరేటరు మీట నొక్కగానే చక్రం అంచున ఒక మేకు బయటికి పొడుచుకొస్తుంది. ఆ చక్రం బెల్టుతో సమానంగా మెల్లిగా తిరుగుతుంది. పొట్లం చోటుకి చేరేసరికి మేకూ చేరి, మీటని తాకి చేతిని కదిలిస్తుంది. కొంగుకి ముడివేసుకుని గుర్తుంచుకోవడం మనకి తెలియనిదేం కాదు కదా. ఇదీ అలాంటి ముడే, కాకపోతే ఇనుపది. ఇప్పుడు ఆ ముడి కంప్యూటరు వేస్తోంది. పొట్లం ఒక కాంతి రేఖని దాటిన క్షణం నుంచీ బెల్టు ఎంత దూరం కదిలిందో లెక్కబెడుతూ ఉంటుంది, అంతే.

అయినా చదివేది మాత్రం ఇంకా మనిషే. పోస్టాఫీసుల్లో ఈ కష్టం మరీ ఎక్కువ. హాలెండులో పుట్టిన ట్రాన్సోర్మా అనే యంత్రాన్ని ఇంగ్లండులో 1935లో బ్రైటన్ పోస్టాఫీసులో పెట్టారు. అయిదుగురు మీటల ముందు కూచుని చిరునామా చదివి అంకెలు నొక్కితే ఉత్తరం తన గూటికి పోయేది. 1960లలో అమెరికా పోస్టాఫీసుల్లో వచ్చిన యంత్రం ముందు ఒకేసారి పన్నెండుమంది కూచునేవారు. ఒక్కొక్కరి ముందు సెకనుకొక ఉత్తరం! చదవాలి, ఏ ఊరికి ఏ అంకెలో గుర్తు తెచ్చుకోవాలి, నొక్కాలి. ఈలోగా ఇంకొకటి వచ్చి నిలబడుతుంది. పోపు మాడకుండా, పాలు పొంగకుండా, పిల్లాడి జడ్డితనం చూసుకుంటూ వంట చేసేవాళ్ళకి ఆ కష్టం నేను వేరే చెప్పాలా? యంత్రం కాళ్ళూ చేతులూ ఇచ్చింది గానీ, వేగం కూడా తనే నిర్ణయించింది. చేట ఆడించే మనిషి అలిసిపోతే చేట ఆగుతుంది. బెల్టు ముందున్న మనిషి అలిసిపోతే బెల్టు ఆగదు.

మన దేశంలో ఈ జ్ఞాపకం బరువు మోసినవాళ్ళు రైల్వే మెయిలు సర్వీసు సార్టర్లు. 1863లో అలహాబాదు కాన్పూరుల మధ్య రైలు పెట్టెలో ఉత్తరాలు సార్టు చెయ్యడం మొదలైంది. కదిలే బండిలో, గళ్ళ బీరువా ముందు నిలబడి, చిరునామా చూడగానే ఏ గదిలో వెయ్యాలో చెయ్యికి తెలిసిపోవాలి. మన దేశంలో కొత్తపల్లి లేని జిల్లా ఉందా? పైగా ఒక ఉత్తరం తెలుగులో, ఒకటి అరవంలో, ఒకటి బెంగాలీలో.

ఆ బరువు దించడానికే 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చింది. దాన్ని రూపొందించినది శ్రీరాం భికాజీ వేలంకర్‌గారు. ఆయన కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో పెద్ద ఉద్యోగి, పైగా సంస్కృత కవి. ఛందస్సులో గణాలు కట్టే మనిషికి ఆరంకెల్లో దేశమంతా ఇమడ్చడం ఒక లెక్కా! మొదటి అంకె ప్రాంతం. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలకి అది 5. మొదటి మూడంకెలూ కలిస్తే సార్టింగు జిల్లా, చివరి మూడూ కలిస్తే పోస్టాఫీసు. భాషలతో పనిలేకుండా కొత్తపల్లికీ కొత్తపల్లికీ తేడా తెలిసిపోయింది. దీనికి తొమ్మిదేళ్ళ ముందు, 1963లో, అమెరికావాళ్ళూ ఇలాంటిదే తెచ్చుకున్నారు.

అంకెలైతే యంత్రం కూడా నేర్చుకుంటుంది. కానీ యంత్రానికి చదవడం అంకెలకన్నా గీతలతో ఇంకా సులువు. 1949 ప్రాంతంలో నార్మన్ ఉడ్‌లాండ్ అనే ఆయన మయామీ బీచిలో కూచుని, టెలిగ్రాఫు చుక్కలూ గీతల్నీ తలుచుకుంటూ ఇసకలో వేళ్ళతో కిందికి గీసుకుపోయాడు. సన్నగీత, లావుగీత. అదే ఇవాళ సబ్బుబిళ్ళ మీదా బిస్కట్టు పొట్లం మీదా ఉండే బార్‌కోడు. 1952లో ఆయనకీ, ఆయన స్నేహితుడు సిల్వర్‌కీ పేటెంటు వచ్చింది గానీ, దాన్ని చదివే చవకైన వెలుగు అప్పటికింకా లేదు. లేజరు వచ్చాక 1969లో న్యూజెర్సీలోని ఒక గోడౌనులో పెట్టెల్ని సరైన లారీ గుమ్మం వైపు పంపడానికి బార్‌కోడు వాడారు. కిరాణా కొట్లో మొట్టమొదట బార్‌కోడు చూపించి అమ్మిన చూయింగ్ గమ్ము పొట్లం ఆ తరవాత అయిదేళ్ళకి, 1974లో. మనకి కొట్టు గుర్తుంది గానీ, ఈ గీతలు పొట్లాలు ఏరడానికి ముందే కుదురుకున్నాయి.

కాళ్ళూ చెయ్యీ జ్ఞాపకమూ కన్నూ అన్నీ కుదిరాయి కాబట్టి ఇక మనిషితో పనేముందని కొందరికి తోచింది. అమెరికాలో డెన్వర్ అనే ఊళ్ళో కొత్త విమానాశ్రయం కడుతూ, ప్రయాణీకుల పెట్టెలన్నీ యంత్రాలే మోసి యంత్రాలే ఏరాలని పట్టుబట్టారు. వేల చిన్న బండ్లు పట్టాల మీద పరుగెడతాయి. పెట్టె పరిగెడుతున్న బండిలో పడాలి, సరైన చోట దిగాలి. 1994 మార్చిలో పత్రికలవాళ్ళని పిలిచి చూపించారు. ఏమైంది? బండ్లు గుద్దుకున్నాయి, పెట్టెలు పగిలాయి, లోపలి బట్టలు పట్టాల మీద పరుచుకున్నాయి. ఎవరి చీరలు వాళ్ళు గుర్తుపట్టుకోలేని పరిస్థితి అంటే అదే! విమానాశ్రయం అనుకున్నదానికి పదహారు నెలలు ఆలస్యంగా 1995 ఫిబ్రవరిలో తెరిచారు, అదీ మామూలు బండ్లూ డ్రైవర్లూ పెట్టుకుని. మిగిలిన యంత్రాన్ని కూడా 2005లో మూలపడేశారు.

యంత్రం చెడ్డదని కాదు నేననేది. ఒక్కో అంగం కుదరడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టింది. అన్నీ కలిపి అడావుడిగా ఒక్క రోజులో నడిపించాలనుకుంటే అవి మాట వినలేదు. ఇప్పుడు ఎన్నో విమానాశ్రయాల్లో పళ్ళేలూ బెల్టులూ చక్కగానే పెట్టెలు ఏరుతున్నాయి.

అయినా కన్ను ఇంకా పూర్తిగా దక్కలేదన్నాను కదా. చిరునామా యంత్రానికి చదవడం రాకపోతే ఏం చేస్తారో తెలుసా? అమెరికా తపాలావాళ్ళు ఆ ఉత్తరానికి ఫొటో తీసి, దూరాన ఎక్కడో కూచున్న మనుషులకి పంపుతారు. వాళ్ళు చదివి చెబుతారు. ఒకప్పుడు దేశంలో అలాంటి కేంద్రాలు 55. యంత్రాలకి చదువు అబ్బినకొద్దీ ఒక్కొక్కటే మూతబడి, 2013కి సాల్ట్ లేక్ సిటీలో ఒక్కటే మిగిలింది. వణికే చేత్తో బామ్మగారు రాసిన గొలుసుకట్టు అక్షరాలు విప్పేది అక్కడి మనుషులే. పార్సెళ్ళ గోడౌన్లలోనూ అంతే. గీతలు చెరిగిపోయిన పెట్టె ఎటూ మళ్ళకుండా బెల్టు చివరిదాకా పోతుంది. అక్కడ ఒక మనిషి నిలబడి ఉంటారు. చేట్లో మిగిలిన రాయిని తీసే వేలులాగా.

అంచేత వచ్చే వేసవిలో అమ్మాయికి ఆవకాయ పార్సెలు పంపేటప్పుడు రెండు మాటలు. పిన్‌కోడు ఆరంకెలూ విడివిడిగా, గుండ్రంగా రాయండి. అంటించిన చీటీ పెట్టె అంచు మీద మడతపడకుండా చూసి, గీతల మీద మెరిసే టేపు వెయ్యకండి. ఆ మెరుపుకి యంత్రం కళ్ళు చెదురుతాయి. ఇక జాడీ మూతంటారా, అది బిగించడంలో మీ చేతికి సాటి యంత్రం ఇంకా పుట్టలేదు.